ముందు దుకాణం చూడండి, మెషిన్ తర్వాత

ఖమ్మం నుంచి మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, కంటి ఆపరేషన్ అయ్యాక మీ బావ పుస్తకం పట్టుకుంటే చాలు, అక్షరాలు చిన్నగా ఉన్నాయని విసుక్కుంటున్నారు. అక్షరం పెద్దది చేసుకునే మెషినేదో ఉందటగా, ఏది కొనమంటావు? వచ్చే నెల డల్లాస్ నుంచి పాప వస్తోంది, చెబితే తెస్తుంది."

నేను విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో పాతికేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పగలంతా పుస్తకాలు కంపోజ్ చేసేవాడికి ఇది కూడా తెలిసే ఉంటుందని అక్క లెక్క. మా చుట్టాల్లో ఎవరింట్లో ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా ఫోన్ నాకే వస్తుంది.

ఏది కొనాలో చెప్పకుండా, "బావగారు వచ్చే ఆరు నెలల్లో చదవాలనుకుంటున్న పది పుస్తకాల పేర్లు రాయించి వాట్సాప్‌లో పెట్టు" అన్నాను. అక్కకి చిర్రెత్తింది. "మెషిన్ గురించి అడిగితే పుస్తకాల లిస్టు అడుగుతావేంట్రా!"

అలా అడగడానికి కారణం ఉంది. టీవీ ఏ కంపెనీది కొన్నా అన్ని ఛానళ్లూ వస్తాయి. అక్క అడిగిన ఈ-రీడర్, అంటే ఈబుక్కులు చదువుకునే మెషిన్, సంగతి వేరు. అది ఒక పుస్తకాల షాపు తన కౌంటర్ తెచ్చి మన మంచం పక్కన పెట్టినట్టు. కిండిల్ అమెజాన్ కౌంటర్. కోబో రకుటెన్ కోబో కౌంటర్. అమెరికాలో దొరికే నూక్ బార్న్స్ అండ్ నోబుల్ కౌంటర్. మొదటి కిండిల్ 2007 నవంబరులో 399 డాలర్లకి వచ్చి అయిదున్నర గంటల్లో అయిపోయింది. అయిదేళ్ల తర్వాత, 2012లో, ఈ మెషిన్లని మాకు పడిన ఖర్చుకే అమ్ముతున్నామని అప్పటి అమెజాన్ అధినేత జెఫ్ బెజోస్ తనే చెప్పాడు. మరి వ్యాపారం ఎక్కడ? పుస్తకాల్లో. అంటే మీరు మెషిన్ ఎంచుకుంటున్నాననుకుంటూ నిజానికి షాపుని ఎంచుకుంటున్నారు. ఆ షాపులో మీ సరుకు ఉందో లేదో చూడకుండా స్క్రీన్ ఎన్ని అంగుళాలు, బ్యాటరీ ఎన్ని వారాలు అని వాకబు చెయ్యడం దేనికి?

పది పేర్ల కాగితం

బావగారు సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. లిస్టు కూడా బోర్డు మీద రాసినట్టే, నెంబర్లు వేసి పంపారు. ఏడు తెలుగు, మూడు ఇంగ్లీషు డిటెక్టివ్ నవలలు. మీరూ ఇలాగే రాయండి. "క్లాసిక్స్ అన్నీ చదవాలి" అని కాదు, నిజంగా చదివేవే రాయండి. తర్వాత ఒక ఆదివారం ఫోన్ పట్టుకుని కూర్చుని కిండిల్ స్టోర్, కోబో స్టోర్, గూగుల్ ప్లే బుక్స్ మూడింట్లో ఒక్కో పేరూ వెతకండి. తెలుగు పేరుని తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి కొట్టండి. ఒక్కోచోట ఒక్కోలా ఎక్కించి ఉంటారు.

నాకు తేలిన లెక్క ఇది. ఇంగ్లీషువి మూడూ మూడు షాపుల్లోనూ ఉన్నాయి. ధరలు మాత్రం వేరు, ఒకే నవల ఒకచోట 199, ఇంకోచోట 340. తెలుగు ఏడింటిలో ఒక షాపులో రెండు, మరో షాపులో ఆ రెంటిలోనే ఒకటి, మూడో దాంట్లో సున్నా. రెండు పాతకాలం పుస్తకాలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరికాయి. మిగిలిన మూడూ అచ్చుపుస్తకాలుగా తప్ప ఎక్కడా లేవు. ఆ మూడూ మా ఏలూరు రోడ్డులోనే కొని పార్సిల్ చేశాను.

దొరికిన రెండింటిలో ఒకటి దొరికీ దొరకనట్టే. కొనేముందు శాంపిల్ దించుకోండి, ప్రతి షాపూ ఉచితంగానే ఇస్తుంది. తెరిచి అక్షరం సైజు పెంచండి. అక్షరాలు పెద్దవై, వాక్యాలు విరిగి కింది వరుసలోకి సర్దుకుంటే అది నిజంగా టైప్ చేసిన పుస్తకం. పేజీ మొత్తం ఫోటోలా పెరిగి, వేలితో కుడికీ ఎడమకీ జరుపుకుంటూ చదవాల్సి వస్తే అది పేజీల బొమ్మలు దొంతరపెట్టిన పుస్తకం. అక్షరం పెద్దది చేసుకోవడానికే మెషిన్ కొంటున్న బావగారి లాంటివాళ్లకి రెండో రకం డబ్బు దండగ.

ఇలా ఎందుకుందో నా వృత్తిలో వాళ్లకి బాగా తెలుసు, అందులో మా పాపమూ ఉంది. మేం ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లతో కంపోజ్ చేశాం, ఇప్పటికీ చాలామందిమి చేస్తున్నాం. అందులో తెరమీద 'క' కనిపిస్తుంది కానీ కంప్యూటర్ దృష్టిలో అది ఏదో ఇంగ్లీషు గుర్తు. ఆ ఫాంట్ ఉన్నంతసేపే అది తెలుగు. ఒకసారి నేను కంపోజ్ చేసిన కథల పుస్తకంలోంచి ఒక అధ్యాయాన్ని అలాగే కాపీ చేసి నా రీడర్‌కి పంపుకున్నాను. తెరిస్తే డాలర్ గుర్తులు, నెత్తిన కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఎక్కడో ఒక ప్రశ్నార్థకం. ఈబుక్ కావాలంటే ఆ మ్యాటరంతా, కంప్యూటర్ 'క'ని 'క'గానే గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ ప్రూఫ్ చూడాలి. మూడువందల పేజీల పుస్తకానికి ఆ ఖర్చు ఎవరు పెడతారు? అందుకే చాలామంది ప్రచురణకర్తలు ప్రెస్‌కి పంపిన పీడీఎఫ్‌నే ఈబుక్ అని పెట్టేస్తారు.

ఇంకో కారణం షాపుల వైపు నుంచి. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాల్ని ప్రకటించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం అంది. తెలుగు లేదు. మా సందులో ఆ రోజు దీని గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎవరూ ఏమీ చెయ్యలేదనుకోండి.

ఒత్తుల పరీక్ష

షాపు సంగతి తేలాక మెషిన్ దగ్గరికి రండి. మనకి ముఖ్యమైన పరీక్ష ఏ రివ్యూలోనూ ఉండదు, మనమే పెట్టుకోవాలి. ఒక ఫైలు తయారుచేసుకోండి. గూగుల్ డాక్స్‌లో తెలుగు టైప్ చేసి, డౌన్‌లోడ్ మెనూలో ఈపబ్ (ఈబుక్ ఫైళ్ల రకం) అని ఎంచుకుంటే చాలు. నా ఫైల్లో ఉన్న మాటలివి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, సంస్కృతం, అర్ఘ్యం, ఉజ్జ్వలం, వాఙ్మయం, దుఃఖం, సాఫ్ట్‌వేర్. పాత పుస్తకాలు చదివేవాళ్లు అరసున్న, బండి ఱ ఉన్న ఒక వాక్యం కూడా చేర్చుకోండి. కింద ఒక పేరా మామూలు వచనం.

ఏం చూడాలంటే, స్త్రీలో తకారం, రేఫ రెండూ సకారానికి వేలాడుతూ కనిపించాలి. తెలుగు అక్షరాలున్నా వాటిని పేర్చడం రాని మెషిన్‌లో ఒత్తు ఒత్తుగా రాదు. స్‌, త్‌, రీ అని పొల్లులతో వరసగా నిలబడతాయి. 'సాఫ్ట్‌వేర్' ఎందుకంటే, అందులో ట్ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, వకారం ఒత్తుగా మారకుండా ఆపేది అదే. దాన్ని అర్థం చేసుకోని మెషిన్ అక్కడ ఒక ఖాళీ డబ్బా గీస్తుంది, లేదా వకారాన్ని లాక్కెళ్లి ట్ కింద వేలాడదీస్తుంది. కింది పేరాలో వరుసల మధ్య దూరం చూడండి. ఇంగ్లీషులో 12 పాయింట్ల అక్షరానికి 14 పాయింట్ల వరుస సరిపోతుంది. తెలుగులో కింద ఒత్తు, పైన గుడి రెండూ ఉంటాయి కాబట్టి నేను 17కి తగ్గించను. మెషిన్‌లో వరుసల దూరం పెంచుకునే వీలు లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకి తగులుతుంటాయి. గంట చదివేసరికి కళ్లు లాగేస్తాయి.

ఈ ఫైలు పాపకి పంపాను. తన దగ్గర పాత రీడర్ ఒకటి ఉంది, పేరెందుకులెండి. దాంట్లో పెట్టి ఫోటో తీసి పంపింది. లక్ష్మి లక్ష్మిలా లేదు, 'క్ష్మి' కాస్తా క్‌ ష్‌ మి అని మూడు ముక్కలు. తర్వాత తన స్నేహితురాలి దగ్గరున్న కొత్త మోడల్‌లో పెట్టింది. వాఙ్మయంతో సహా అన్నీ చక్కగా వచ్చాయి. అందుకే "ఫలానా కంపెనీలో తెలుగు వస్తుందా" అని అడిగితే నేను జవాబు చెప్పను. మోడల్‌ని బట్టి, దాంట్లో ఉన్న సాఫ్ట్‌వేర్‌ని బట్టి మారుతుంది. మీరు కొనబోయే మోడల్ ఉన్నవాళ్లని పట్టుకుని ఈ ఒక్క పేజీ పెట్టి చూడమనండి, పది నిమిషాల పని.

కిండిల్ అయితే ఈపబ్ ఫైల్ని 'సెండ్ టు కిండిల్' ద్వారా పంపాలి, 2022 నుంచి తీసుకుంటోంది, లోపల తన ఫార్మాట్‌లోకి మార్చుకుంటుంది. కోబో అయితే కేబుల్ పెట్టి కాపీ చేసెయ్యొచ్చు. కోబోలో ఒక తిరకాసుంది. మామూలు ఈపబ్‌ని ఒక ఇంజన్ (పేజీని తెరమీద పేర్చే సాఫ్ట్‌వేర్) చూపిస్తుంది, కోబో సొంత రకమైన కెపబ్‌ని ఇంకో ఇంజన్ చూపిస్తుంది. అందుకని అదే పేజీని రెండు రకాలుగానూ పెట్టి చూడాలి. మార్చడానికి క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ప్రపంచమంతా వాడే ఈ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టింది మనవాడే, కోవిద్ గోయల్, 2006లో. ఫాంట్ నచ్చకపోతే రెండు మెషిన్లలోనూ 'ఫాంట్స్' అనే ఫోల్డర్‌లో మన ఫాంట్ వేసుకోవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సెరిఫ్ తెలుగు, మండలి, సూరన్న ఉచితంగా ఉన్నాయి. చదువుకోవడానికి నేను మండలి వాడతాను. సూరన్న శీర్షికలకి అందంగా ఉంటుంది కానీ పేజీలకి పేజీలు చదవలేను.

కొన్నది మనదేనా

కొన్నేళ్ల క్రితం ఒక షాపులో నలభై దాకా తెలుగు ఈబుక్కులు కొన్నాను. ఒక్కోటి నూరో నూట ఇరవయ్యో. చదవాలంటే వాళ్ల యాప్ ఒకటి, దానికి ఒక ఐడీ. ఫోన్ మార్చాను. కొత్త ఫోన్‌లో ఆ యాప్ ఎక్కలేదు. మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. ఫైళ్లు ఇప్పటికీ నా హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి, తాళాలేసిన బీరువాల్లా. ఆ తాళం పేరే డీఆర్ఎం. మనం కొనేది పుస్తకం కాదు, చదువుకునే అనుమతి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఈ మాటని కొనేవాళ్లకి స్పష్టంగా చెప్పి తీరాలని చట్టమే తెచ్చారు.

ఇది చిన్న షాపులకే జరిగేదనుకోకండి. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈబుక్ స్టోర్ మూసేసింది. ఏప్రిల్‌లో చెప్పి, జూలై నుంచి కొన్న పుస్తకాలు తెరుచుకోకుండా చేసింది. డబ్బు మొత్తం వెనక్కిచ్చింది, మార్జిన్లలో నోట్సు రాసుకున్నవాళ్లకి అదనంగా 25 డాలర్లిచ్చింది, అది మెచ్చుకోవాలి. 2014లో సోనీ అమెరికాలో తన స్టోర్ మూసినప్పుడు మాత్రం పాఠకుల్ని కోబోకి అప్పగించి వెళ్లింది. కాబట్టి షాపుని చూసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది: రేపు ఈ షాపుతో నాకు పడకపోతే, పుస్తకాలు పట్టుకుని బయటికి రాగలనా?

కిండిల్‌లో కొన్నది చాలావరకు కిండిల్ మెషిన్లలోనూ కిండిల్ యాప్‌లోనూ చదవాలి. ఇదివరకు వెబ్‌సైట్ నుంచి ఫైల్ని కంప్యూటర్లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే వీలుండేది, 2025 ఫిబ్రవరి 26న దాన్ని తీసేశారు. కోబో, గూగుల్‌లలో కొన్నవాటిని చాలావరకు అడోబ్ తాళంతో దించుకోవచ్చు. గూగుల్‌లో డౌన్‌లోడ్ కొడితే ఒక చిన్న ఏసీఎస్ఎం ఫైలు వస్తుంది. దాన్ని కంప్యూటర్లో అడోబ్ డిజిటల్ ఎడిషన్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి అక్కణ్నుంచి కోబోలోకి పంపొచ్చు. కిండిల్‌లోకి వెళ్లదు. మొదటిసారి కాస్త తలనొప్పి, రెండోసారి అలవాటైపోతుంది. కొన్ని పుస్తకాలకి అసలు తాళమే ఉండదు. గూగుల్‌లో పుస్తకం వివరాల్లో ఆ మాట రాసి ఉంటుంది, కోబోలో కూడా వివరాల కింద చూడండి. ఆపిల్ బుక్స్ ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్ గడప దాటదు. ఇంట్లో అందరికీ ఆపిల్ ఉంటే తప్ప దాని గురించి ఆలోచించక్కర్లేదు.

ఇంత చెప్పినా ఇంగ్లీషు మాత్రమే చదివేవాళ్లకి నేను కిండిలే చెబుతాను. పుస్తకాలు ఎక్కువ, తరచూ ధరలు తగ్గుతాయి, పెద్దవాళ్లకి వాడటం తేలిక. తాళం సంగతి తెలిసే వాడుతున్నాం కదా. ఒక చిన్న సంగతి: 2022 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌లోని కిండిల్ యాప్‌లో కొనే బటన్ లేదు. గూగుల్‌కి కమిషన్ ఇవ్వడం ఇష్టం లేక తీసేశారు. బ్రౌజర్లో అమెజాన్ తెరిచి కొంటే పుస్తకం యాప్‌లోకి వచ్చేస్తుంది. ఇది తెలియక మా ప్రెస్ ఓనరు గారు యాప్ పాడైందని మూడుసార్లు తీసి మళ్లీ వేసుకున్నారు.

ధరలు పోల్చేటప్పుడు అచ్చుపుస్తకం ధర కూడా పక్కన రాసుకోండి. అచ్చుపుస్తకానికి జీఎస్టీ లేదు. ఈబుక్కి మొదట 18 శాతం వేశారు. అచ్చులో కూడా ఉన్న పుస్తకమైతే 2018 జూలైలో 5 శాతానికి తగ్గించారు. తెలుగులో చాలాసార్లు అచ్చుదీ ఈబుక్‌దీ ధర దగ్గర దగ్గరగా ఉంటుంది. అలాంటప్పుడు కళ్లు బాగున్నవాళ్లు అచ్చుదే కొనుక్కోండి. ఇది నా వృత్తి కోసం చెబుతున్న మాట కాదు. సరే, కొంచెం అందుకోసం కూడా.

తెర, సైజు, వెలుగు

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే రివ్యూలన్నీ దీని గురించే. ఈ-ఇంక్ తెరలో నల్ల, తెల్ల రంగు రేణువులుంటాయి. పేజీ తిప్పినప్పుడే అవి కదులుతాయి, తెరకి కరెంటు ఖర్చయ్యేది అప్పుడే. ఎండలో అచ్చుకాగితంలా కనిపిస్తుంది. 2025 ఏప్రిల్‌లో మన దేశంలోకి వచ్చిన కిండిల్ కొత్త మోడల్ పేపర్‌వైట్ 7 అంగుళాలు, వచ్చినప్పుడు ధర 16,999. కోబో 2024 ఏప్రిల్‌లో తన క్లారా, లిబ్రా మెషిన్లలో రంగు తెర మోడళ్లు తెచ్చింది. రంగు తెరలో నలుపు తెలుపు అంగుళానికి 300 చుక్కలైతే రంగు 150 మాత్రమే. పైగా ఆ తెర కాస్త మబ్బుగా ఉంటుంది. నవలలకి రంగెందుకు? పిల్లల బొమ్మల పుస్తకాలకైతే టాబ్లెట్ మేలు. ఓనిక్స్ బూక్స్ వాళ్లవి ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-ఇంక్ మెషిన్లు. కిండిల్, కోబో, గూగుల్ మూడు యాప్‌లూ ఒకేదాంట్లో వేసుకోవచ్చు. వినడానికి ఇదే అన్నిటికీ మందులా ఉంటుంది కానీ ఖరీదెక్కువ, సెట్టింగులు చాలా ఎక్కువ. బావగారి చేతికిస్తే రోజుకో ఫోన్ నాకు.

స్కాన్ చేసిన పాత పుస్తకాలకి 6, 7 అంగుళాల తెర పనికిరాదు, నన్నడగండి. డెమ్మీ సైజు, అంటే మామూలు నవల సైజు, పేజీ ఆ తెరలో ఇమిడితే అక్షరం చీమతలకాయంత. అంచులు కత్తిరించే సాఫ్ట్‌వేర్లున్నాయి, కె2పీడీఎఫ్‌ఆప్ట్ అని ఒకటి నేనూ వాడాను. తెరని అడ్డంగా తిప్పితే ఇంకాస్త నయం. అయినా పాత స్కాన్లలో కాగితం పసుపు తెరమీద బూడిదరంగై అక్షరాన్ని మింగేస్తుంది. వాటికి 10 అంగుళాలు దాటిన టాబ్లెట్టే సుఖం.

ఉచితమైనవి వెతికేవాళ్లు ముందు తెలుగు వికీసోర్స్‌కి వెళ్లండి. అక్కడ టైప్ చేసి, ప్రూఫ్ చూసిన పుస్తకాలుంటాయి. ఈపబ్‌గా దించుకోవచ్చు, అక్షరం ఎంతైనా పెంచుకోవచ్చు. అక్కడ లేకపోతే అప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్ స్కాన్లు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. కందుకూరి వీరేశలింగం 1919లో పోయారు కాబట్టి ఆయనవి ఎవరైనా తీసుకోవచ్చు. నిన్నమొన్నటి రచయితల పుస్తకాలు టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లుగా తిరుగుతుంటాయి. అవి నాకు పంపకండి. కొన్ని నేనే కంపోజ్ చేసినవి.

డల్లాస్ నుంచి తెచ్చేవాళ్లకి

విదేశంలో ఉన్న పిల్లలు మెషిన్ తెస్తామంటే రెండు జాగ్రత్తలు. అక్కడ కొన్న కిండిల్‌ని ఇక్కడి ఖాతాలో పెట్టుకోవచ్చు. కానీ చాలామంది పిల్లలు తమ అమెరికా ఖాతాతోనే తెరిచి ఇచ్చేస్తారు. అప్పుడు పుస్తకాల ధరలు డాలర్లలో కనిపిస్తాయి, మనదేశంలో మాత్రమే అమ్మే హక్కున్న పుస్తకాలు కనిపించవు. ఇంటికి రాగానే ఆ ఖాతా తీసేసి మన అమెజాన్ ఖాతాతో నమోదు చేసుకోండి. రెండోది వారంటీ. అక్కడ కొన్నది ఇక్కడ పాడైతే ఎవరు చూస్తారో కొనేముందే అడగమనండి. కోబోకి ఇది మరీ ముఖ్యం. 2013లో ఇక్కడ అమ్మకానికి వచ్చింది కానీ, ఇప్పుడు నాకు కనిపించే కోబోలన్నీ చుట్టాలు సూట్‌కేసులో తెచ్చినవే.

అక్కడే ఉండి చదువుకునే పాపలాంటి వాళ్లకైతే లెక్క మారిపోతుంది. ఊరి లైబ్రరీ కార్డుంటే లిబ్బీ యాప్‌లో ఈబుక్కులు ఉచితంగా అరువు తెచ్చుకోవచ్చు. అలా తెచ్చుకున్నవి కిండిల్‌లో చదివే సదుపాయం అమెరికా లైబ్రరీలకే ఉంది. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉన్న మనవాళ్లకి కోబో నయం, దాంట్లోనే లైబ్రరీ అరువు చాలా మోడళ్లలో అమర్చి ఉంటుంది.

మొత్తానికి మా ఇంట్లో ఏం జరిగిందంటే, పది పేర్ల కాగితం ముందు పెట్టుకుని చూస్తే బావగారికి కావాల్సింది ఈ-రీడర్ కాదని తేలిపోయింది. ఏడు తెలుగు పుస్తకాల్లో ఈబుక్‌గా దొరికినవి రెండు, స్కాన్లు రెండు. నాలుగూ పెద్ద తెర ఉన్న టాబ్లెట్‌లోనే బాగుంటాయి. పదిహేను వేల లోపు 11 అంగుళాల టాబ్లెట్ ఒకటి ఖమ్మంలోనే కొన్నాం. అందులో గూగుల్ ప్లే బుక్స్ వేసి, వెనక రంగు లేత గోధుమ చేసి, వెలుగు తగ్గించి ఇచ్చాను. నా దగ్గరున్న యూనికోడ్ ఫైళ్లు కొన్ని, రచయితల్ని అడిగి, ఈపబ్ చేసి అందులోకి ఎక్కించాను. సొంత ఫైళ్లు ఎక్కించుకోనివ్వడం గూగుల్‌లో ఉన్న గొప్ప సుఖం. పాప ఎలాగూ తెస్తానందని పేపర్‌వైట్ తెప్పించాం, ఆ మూడు డిటెక్టివ్ నవలల కోసం. అది వచ్చిన రోజే అక్క తీసుకుంది. కరెంటు పోయినా చదువుకోవచ్చని ఇప్పుడు వదలడం లేదు. బావగారు అడిగితే "మీకు పెద్దది ఉందిగా" అంటోంది.

నిన్న రాత్రి తొమ్మిదింటికి బావగారి నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. టాబ్లెట్ తెర, ఒక వాక్యం పసుపురంగు హైలైట్‌లో. కింద ఒక లైను: "నీ వాఙ్మయం బానే వచ్చిందోయ్, 112వ పేజీలో 'ప్రథమం'కి 'ప్రధమం' అని కొట్టావు." ఆ పుస్తకం నేను కంపోజ్ చేసిందే, మూడుసార్లు ప్రూఫ్ చూసిందే. ఇప్పటికి పదకొండు పట్టారు, ఇంకా నూరు పేజీలున్నాయి.